బడికి పోలేకపోతున్న పిల్లల గురించి: పాఠశాల విద్యాశాఖ అధికారులకు, ప్రధానోపాధ్యాయులకు ఒక తల్లి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, జిల్లా, మండల విద్యాశాఖాధికారులకు, ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు,

నమస్కారం.

నేను కోస్తాలో ఒక చిన్న పట్టణంలో ఉంటాను. ఏడో తరగతి పిల్లవాడి తల్లిని. మా అన్నయ్య కూడా ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్) టీచరే కాబట్టి మీ పనుల ఒత్తిడి నాకు కొంత తెలుసు. అందుకే ఈ లేఖ రాసే ముందు పద్ధతి ప్రకారం వెళ్లాల్సిన చోటికల్లా వెళ్లాను. బడికి రెండు ఉత్తరాలు రాశాను. మండలంలో ఒక అర్జీ, జిల్లాలో ఒక అర్జీ ఇచ్చాను. బడి నుంచి జవాబు లేదు. మండలంలో "పిల్లాణ్ణి బడికి పంపమని మేం మీకు చెప్పాలి గానీ, మీరొచ్చి మాకు అర్జీ ఇస్తారేంటమ్మా" అన్నారు. జిల్లాలో ఇచ్చిన అర్జీ "పరిష్కరించబడినది" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అది వచ్చిన పొద్దున మావాడు మంచం కింద దూరి, స్కూలు బస్సు వెళ్లిపోయిందా అని నన్ను అడుగుతున్నాడు.

వాడు బడికి పోనని మొదటిసారి అన్నది దసరా సెలవులయ్యాక వచ్చిన సోమవారం. అంతకు ఆరు నెలల ముందు నుంచే లక్షణాలు ఉన్నాయి. నేనే పోల్చుకోలేకపోయాను. ఆదివారం పొద్దు వాలేసరికి అన్నం సయించేది కాదు. రాత్రి రెండుసార్లు లేచి, హోంవర్కు పుస్తకం సంచిలో పెట్టానా అని వెతుక్కునేవాడు. తెల్లారితే కడుపులో నొప్పి. సందు చివర బస్సు హారన్ వినబడితే వాంతి. బస్సు వెళ్లిపోయిన గంటకి మామూలు మనిషై ఇడ్లీ తినేవాడు. దాంతో ఇంటిల్లిపాదీ నాటకం అనుకున్నాం. స్కానింగ్ తీయించాం, రక్తపరీక్షలు చేయించాం, అన్నీ బాగున్నాయన్నారు. మా అత్తగారు దిష్టి తీశారు, మసీదు దగ్గర తాయెత్తు కట్టించారు. మా ఆయన ఒకరోజు వాడి రెండు రెక్కలూ పట్టుకుని బస్సులోకి ఎక్కించారు. ఆ రోజు వాడు బస్సులోనే లాగు తడుపుకున్నాడు. పన్నెండేళ్ల పిల్లవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, నా వైపు చూడకుండా, "నేను పోనని అనట్లేదమ్మా, పోలేకపోతున్నా" అన్నాడు.

అప్పటిదాకా మాలో ఎవరికీ ఆ రెండో మాట వినబడలేదు.

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ ఉందని ఆ బడికి మార్చాం. ఎవరూ బలవంతపెట్టలేదు, చుట్టుపక్కల అందరూ మారుస్తుంటే మేమూ మార్చాం. అక్కడ శనివారం పరీక్ష. సోమవారం ప్రేయర్ అయ్యాక అందరి ముందూ మార్కులు చదువుతారు. మార్కుల్ని బట్టి నెలకోసారి సెక్షన్ మారుస్తారు. 'ఏ' సెక్షన్‌లో చేరిన మావాడు ఏడాది తిరిగేసరికి 'సీ' సెక్షన్‌కి వచ్చాడు. లెక్కల్లో తక్కువ వచ్చినవాళ్లకు గోడకుర్చీ వేయించేవారట. నిజానికి వాడికి లెక్కల్లో లోటు ఎప్పటిదో. 2020 మార్చిలో బళ్లు మూతపడినప్పుడు వాడిది ఒకటో తరగతి. కూడికలు, ఎక్కాలు గట్టిపడాల్సిన రెండో తరగతి చాలా భాగం నా ఫోన్‌లో గడిచింది. ఆ కిందిమెట్టు లేకుండానే పై మెట్లు ఎక్కిస్తూ వచ్చాం, మేమూ, బళ్లూ.

చివరికి ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాం. ఆ పేరు విని మా ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి అరగంట చెప్పారు. ఆ అరగంట మాటలు ప్రతి స్టాఫ్ రూములోనూ వినబడాల్సినవి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బడి ఎగ్గొట్టే పిల్లవాడు వేరు, బడికి పోలేని పిల్లవాడు వేరు. ఎగ్గొట్టేవాడు ఇంట్లో చెప్పడు. సంచి తగిలించుకుని బయల్దేరి చెరువుగట్టుకో ఆటకో పోతాడు. పోలేనివాడు తల్లి కళ్లెదుటే ఉంటాడు, ఏడుస్తాడు, బతిమాలతాడు. చాలామందికి చదువంటే ఇష్టం కూడా ఉంటుంది. ఇలా పోలేకపోవడాన్ని ఇప్పుడు స్కూల్ రెఫ్యూజల్ అంటున్నారు. ఈ తేడాను వైద్యులు 1930ల నుంచే రాస్తున్నారు. ఆ కడుపునొప్పి నిజమైన నొప్పే. భయం ముందుగా తెలిసేది పొట్టకే. బడిలో కొత్తగా చేరే ఐదారేళ్లప్పుడు, హైస్కూలుకి మారే పది పదకొండేళ్లప్పుడు, పెద్ద సెలవుల తర్వాత, జబ్బుపడి లేచాక, ఇంట్లో చావు జరిగాక ఇది ఎక్కువగా మొదలవుతుంది. వెనక కారణం ఒక్కటే ఉండదు. ఒకరికి తోటిపిల్లల ఏడిపింపు, ఒకరికి చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా, ఒకరికి పరీక్ష, మరొకరికి తాను ఇంట్లో లేనప్పుడు అమ్మకి ఏమైనా అవుతుందేమోనన్న బెంగ.

ఇంట్లో ఉండిపోయిన ప్రతి రోజూ పిల్లవాడికి ఆ పూటకి ఊరట. మర్నాటికి భయం ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టడమూ తప్పే, ఈడ్చుకెళ్లి పడేయడమూ తప్పే. భయపెట్టే కారణాన్ని తీసేసి, మెల్లగా తిరిగి అలవాటు చేయాలి. మొదట గేటు దాకా, తర్వాత లైబ్రరీలో ఒక గంట, తర్వాత ఇష్టమైన పీరియడ్, తర్వాత మధ్యాహ్నం దాకా. ఎంత తొందరగా మొదలుపెడితే అంత తేలిక. ఈ పని తల్లిదండ్రులు ఒక్కరే చేయలేరు, బడి తలుపు తీయాలి.

ఆ మాటలు కాగితం మీద రాయించుకుని బడికి వెళ్లాను. "ఒక్కడి కోసం టైంటేబుల్ మార్చలేమమ్మా. మా హాస్టల్లో వేయండి, వారంలో దారికొస్తాడు" అన్నారు. పోనీ టీసీ ఇవ్వమంటే రెండో టర్మ్ ఫీజు మొత్తం కట్టమన్నారు.

ఇది నా ఒక్కదాని కథే అయితే ఇంత రాయకపోదును. ఆసుపత్రి ఓపీ బయట బల్ల మీద కూర్చున్న ఐదు సోమవారాల్లో నేను చూసినవి, విన్నవి మీ ముందు పెడుతున్నాను.

1. పిల్లవాడు ఇంట్లో ఉంటే తల్లి పనికి పోలేదు. రొయ్యల షెడ్డులో తలలు తీసే ఒకామె తొమ్మిదేళ్ల కూతురి కోసం నెలలో సగం రోజులు పని మానింది. మేస్త్రీ వేరే మనిషిని పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఇప్పుడు పిల్ల చదువుతో పాటు బియ్యం సంగతీ ఆలోచించుకోవాలి. పైగా బంధువుల మాటలు: నీ గారాబమే, నీ పెంపకమే. నాకూ పడ్డాయి ఆ మాటలు. ఆమెకి మాటలతో పాటు దెబ్బలు కూడా పడ్డాయి.

2. పిల్లల చదువు కోసం తల్లులకు డబ్బు సాయం చేసే పథకాల్లో అమ్మ ఒడి రోజుల నుంచీ 75 శాతం హాజరు నిబంధన ఉంది, తల్లికి వందనంలోనూ ఉంది. బడి పట్ల బాధ్యత పెంచడానికి పెట్టిన నిబంధన అది, తప్పుపట్టను. కానీ జ్వరంతో మానేసినవాడికీ, పనికి పంపడానికి మాన్పించినవాడికీ, భయంతో గేటు దాటలేనివాడికీ రిజిస్టరులో పడేది ఒకటే గుర్తు. మందులకీ ఆటో చార్జీలకీ డబ్బు అవసరమైన ఇంటికే ఆ ఏడాది సాయం ఆగిపోయే ప్రమాదం ఉంది.

3. ఆడపిల్ల అయితే కథ ఇంకో దారి పడుతుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, బడిలో ఉండగా బట్టలు పాడైతే మగపిల్లలు నవ్వారట. బాత్‌రూముకి గడియ లేదు. ఆ మర్నాటి నుంచి వెళ్లలేదు. నాలుగు నెలలు ఇంట్లో ఉండేసరికి నాయనమ్మ సంబంధాలు చూడమంటోందని ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆ పిల్లకి పదమూడేళ్లు. ఒక గడియ బిగించి ఉంటే, ఒక టీచరమ్మ ఇంటికి వెళ్లి పలకరించి ఉంటే అక్కడిదాకా వచ్చేది కాదు. అమ్మాయిలు బడి ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవడానికి సర్వేలు చేస్తారు కదా, ఆ తల్లిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

4. హాస్టల్ పిల్లలు. సంక్రాంతికి ఇంటికొచ్చి తిరిగి వెళ్లనని ఏడ్చే పిల్లల్ని మనందరం చూశాం, "నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది" అని బస్సెక్కించాం. చాలామందికి అలవాటవుతుంది కూడా. కొందరికి కాదు. ఇంటి బెంగతో తిండి మానేసే పిల్ల ఎవరో, సీనియర్లు కొట్టడం వల్ల వెళ్లనంటున్న పిల్లవాడు ఎవరో తేల్చుకోకుండా అందరికీ ఒకటే మందు వేస్తున్నాం. మావాణ్ణి హాస్టల్లో వేయమన్నప్పుడు నాకు కాళ్లు వణికింది అందుకే.

5. ఈ పిల్లలు ఎంతమందో మీ లెక్కల్లో ఉండరు. పేరు ఉన్నంతకాలం ఆబ్సెంట్, పేరు తీశాక డ్రాప్ బాక్స్, అంటే బడి వదిలినవాళ్ల జాబితా. మధ్యలో జరిగినదానికి గడి లేదు. జపాన్‌లో ఏడాదిలో 30 రోజులు, అంతకు మించి ఇలా బడికి రాలేని పిల్లల్ని ప్రభుత్వమే విడిగా లెక్కిస్తుంది. జబ్బు వల్లో పేదరికం వల్లో రానివాళ్లని ఈ లెక్కలో కలపదు. 2023 విద్యా సంవత్సరంలో అక్కడి ప్రాథమిక, మాధ్యమిక బళ్లలో వారి సంఖ్య 3,46,482. పెద్ద సంఖ్యే. లెక్క ఉంది కాబట్టే దాని మీద 2016లో చట్టం చేసుకోగలిగారు, బడి బయట నేర్చుకునే చోట్లు ఏర్పాటు చేయగలిగారు. మన దగ్గర ఎంతమందో చెప్పగలిగే కాగితం ఏదైనా ఉంటే నాకు చూపించండి.

కొత్త చట్టం తెమ్మని నేను అడగడం లేదు. ఉన్నవి చాలు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. గోడకుర్చీ మొదటిదైతే, ప్రేయర్‌లో మార్కులు చదవడం రెండోది. 29వ సెక్షన్ పిల్లల్లో భయం, ఆందోళన లేకుండా చూడాలని చెప్పింది. 24వ సెక్షన్ ప్రకారం పిల్లల హాజరు గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడడం ఉపాధ్యాయుల విధి. ఎనిమిదో తరగతి లోపు పిల్లవాడు సర్కారు బడికి మారాలనుకుంటే టీసీ వెంటనే ఇవ్వాలని, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 5వ సెక్షన్ స్పష్టంగా రాసింది.

అన్నిటికంటే దగ్గరి సంగతి ఒకటి ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి 2023 జూలైలో చనిపోయింది. ఆ కేసులోనే 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని అన్ని విద్యాసంస్థలకూ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలంది. అంతకన్నా తక్కువ ఉన్నచోట బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలంది. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదని, నలుగురిలో సిగ్గుపడేలా చేయకూడదని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని చెప్పింది. చట్టం వచ్చేదాకా ఇవి పాటించి తీరాలి. మన గడ్డ మీద ఒక బిడ్డ పోతే వచ్చిన తీర్పు ఇది. మన బళ్లే మొదట అమలు చేయాలి. మా పట్టణంలో నేను అడిగిన నాలుగు బళ్లలో ఏ ఒక్కదాంట్లోనూ కౌన్సెలర్ లేరు.

కాబట్టి వచ్చే జూన్‌లో బళ్లు తెరిచేలోగా ఈ కింది పనులు చేయాలని కోరుతున్నాను.

1. వరుసగా ఐదు రోజులు కారణం తెలియకుండా, లేదా నెలలో ఎనిమిది పది పొద్దులు కడుపునొప్పి, తలనొప్పి అంటూ రాని పిల్లల ఇంటికి తరగతి టీచరు ఫోన్ చేయాలి, వీలైతే వెళ్లాలి. మొదటి మాట "ఎందుకు రావట్లేదు" అని ఉండకూడదు. "ఎలా ఉన్నావు నాన్నా" అని ఉండాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. ఆ సమయం టీచర్లకు దొరకాలంటే యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పనులు తగ్గించండి. టీచర్ల తరఫున కూడా ఈ మాట అడుగుతున్నాను.

2. డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ రాసిచ్చిన పిల్లలకు మెట్లు మెట్లుగా తిరిగొచ్చే ప్రణాళికను ప్రతి బడీ అంగీకరించాలని ఉత్తర్వు ఇవ్వండి. గంటసేపు వచ్చినా ఆ పూట హాజరు వేయాలి. పథకాల 75 శాతం లెక్కలో ఆ రోజుల్ని కలపాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, పదింటికి ధైర్యం చేసి గేటు దాకా వచ్చిన పిల్లవాణ్ణి ఆలస్యంగా వచ్చావని వెనక్కి పంపుతున్నారు. మావాణ్ణి రెండుసార్లు పంపారు. మొదటిసారి తర్వాత మళ్లీ గేటు దాకా తీసుకురావడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

3. సుప్రీంకోర్టు చెప్పిన కౌన్సెలర్‌ను ఏ బడి పెట్టింది, ఏది పెట్టలేదు, మండలాల వారీగా పేర్లతో ప్రకటించండి. ప్రైవేటు బళ్లకు గుర్తింపు పొడిగించేటప్పుడు అగ్నిమాపక ధ్రువపత్రం అడిగినట్టే దీన్నీ అడగండి. చిన్న సర్కారు బళ్లకు మండలానికి ఒకరినైనా ఇవ్వండి.

4. మార్కులు అందరి ముందు చదవడం, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చడం, గోడకుర్చీ, ఎండలో నిలబెట్టడం ఆపించండి. తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టర్లతో సరిపెట్టకుండా పిల్లల్ని విడిగా అడగండి.

5. ఫీజు బకాయి పేరుతో టీసీ ఆపిన బళ్ల మీద ఫిర్యాదు వస్తే వారంలో తేల్చండి.

6. ఆబ్సెంట్‌కీ డ్రాప్ బాక్స్‌కీ మధ్య ఒక గడి పెట్టండి. భయం, బెంగ, ఏడిపింపు, చదువులో వెనకబాటు, ఇంటి పరిస్థితి, ఏదో ఒక కారణం రాయనివ్వండి. పిల్లల పేర్లు బయటికి రానక్కర్లేదు, లెక్క మాత్రం రావాలి.

7. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు జరిపారు. నేనూ ఒకదానికి వెళ్లాను. ఈసారి జరిపినప్పుడు పది నిమిషాలు ఈ విషయం చెప్పించండి. మానసిక ఆరోగ్య సాయానికి టెలి మానస్ 14416, పిల్లల సాయానికి చైల్డ్‌లైన్ 1098 నంబర్లు వేదిక వెనక బ్యానరు మీద రాయించండి. నాకు ఆ రెండు నంబర్లూ ఆసుపత్రి గోడ మీద చూసేదాకా తెలియవు.

తోటి తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పొద్దున కడుపునొప్పి అంటే ముందు డాక్టరుకి చూపించండి. ఏమీ లేదంటే సంతోషించి ఊరుకోకండి, ఆదివారం కూడా నొప్పి వస్తోందా అని చూడండి. రాకపోతే కొట్టకండి. పిల్లవాడు పడుకునే ముందు, దీపం ఆర్పేశాక, పక్కన కూర్చుని అడగండి. మొహాలు కనబడకపోతే పిల్లలు ఎక్కువ చెబుతారు. మేం కొట్టాం. ఆ రోజు బస్సులో వాడికి జరిగిన అవమానంలో సగం మాది.

టీసీ లేకుండానే మావాణ్ణి ఇప్పుడు మా వీధి చివరి మున్సిపల్ హైస్కూల్లో చేర్చుకున్నారు. అక్కడి తెలుగు టీచరమ్మ ఏ ఉత్తర్వూ లేకుండా, ఏ శిక్షణా లేకుండా తనంతట తాను ఆ మెట్లు కట్టారు. మొదటి వారం గేటు పక్క వేపచెట్టు కింద నాతో కూర్చోనిచ్చారు. రెండో వారం లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేసే పని ఇచ్చారు. వాడి అక్షరం గుండ్రంగా ఉందని బోర్డు మీద సూక్తి రాయించారు. లెక్కల మాస్టారు మూడో తరగతి లెక్కల దగ్గర నుంచి, వేరే నోటుపుస్తకంలో, ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టారు. ఇప్పుడు మధ్యాహ్న భోజనం గంట దాకా ఉంటున్నాడు. మొన్న మంగళవారం సాయంత్రం దాకా ఉన్నాడు. బుధవారం మళ్లీ వెళ్లలేదు. గురువారం వెళ్లాడు.

ఆ టీచరమ్మ మీద ఎవరైనా చర్య తీసుకుంటారేమోనని ఆమె పేరు రాయడం లేదు. హాజరు పట్టీలో ఆమె వేసిన సగం పూటలకు ఏ నిబంధనా లేదట. ముందుగా ఆ నిబంధన రాయండి. మిగతావాటికి మీరు ఎన్ని రోజులు అడిగితే అన్ని రోజులు ఆగుతాను.

ఈ లేఖ ప్రతిని బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు కూడా పంపుతున్నాను. నా పాత అర్జీని మళ్లీ తెరిచి, రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఏడో తరగతి పిల్లవాడి తల్లి